వెనక సీటు

లోకేశ్వరికి ఇరవై రెండేళ్లు వచ్చేసరికి చూపు పూర్తిగా పోయింది. కంటి లోపల రెటీనా జబ్బు, మందు లేదన్నారు డాక్టర్లు. ఇప్పుడామెకు ముప్పై నాలుగు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో టెలిఫోన్ ఆపరేటరు. ఒర్లియంపేటలో తల్లి లీలమ్మ, అన్న కేశవ్‌లతో ఉంటుంది.

కేశవ్ అదే ఊళ్లో మేట్టుపాళయం పేటలో ఒక పంపుల కంపెనీలో ఫిట్టరు. నేత్రదానం గురించి ఊరూరా చెబుతూ కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా సైకిళ్ల మీద ఒక బృందం వెళ్తోందని విన్న రోజే పేరిచ్చి వచ్చాడు. తన పేరొక్కటే కాదు, చెల్లెలిదీ.

"నన్నడక్కుండా నా పేరెట్ల ఇస్తివి?"

"అడిగితే వద్దంటావు గదా."

"కండ్లు లేనిదాన్ని యాడికి తీసకపోతావన్నా?"

"వెనక సీట్లో కూసోని తొక్కు. ముందర నేనుంటా."

సైకిల్ షాపు అయ్యాసామి రెండు పాత సైకిళ్లను కోసి అతికి, ఇద్దరు తొక్కే సైకిలు చేసిచ్చాడు. ఐదు నెలలు రోజూ పొద్దున్నే మరక్కాణం వైపు తొక్కారు. మొదటి వారంలోనే రెండుసార్లు పడ్డారు. లోకేశ్వరి మోచెయ్యి చీరుకుపోయింది. ఆ తర్వాత అన్న ఎటు ఒరుగుతున్నాడో ఆమె ఒంటికే తెలిసిపోయేది. కనిపించినదల్లా చెప్పేవాడు కేశవ్: ఉప్పు కుప్పలు, వాటి మీద కప్పిన తాటాకులు, గోడ మీద కూర్చుని ఇడ్లీ తింటున్న పోలీసు. చూపు పోయాక ఆమె తన కాళ్ల బలంతో అంత వేగంగా ఎక్కడికీ వెళ్లలేదు.

తిరిగొచ్చేటప్పుడు, యాత్రలో ఊళ్లలో చెప్పాల్సిన మాటలు వల్లించుకునేవాళ్లు. కేశవ్ గొంతు మార్చి మొండి ముసలమ్మ అయ్యేవాడు.

"ఏంది తల్లీ, కండ్లు తీసేస్తే నా మొగం యాడ బాగుంటాది?"

"మొగం మారదవ్వా, పైన ఉండే పొర మాత్రం తీస్తారు" అని మొదలుపెట్టి, నవ్వు ఆగక పెడల్ వదిలేసేది లోకేశ్వరి.

ప్రయాణానికి ఇంకా పందొమ్మిది రోజులుందనగా, ఒక మంగళవారం మధ్యాహ్నం కంపెనీ నుంచి ఫోనొచ్చింది. గుండెల్లో నొప్పంటూ మెషిన్ పక్కన కూర్చున్న కేశవ్ మళ్లీ లేవలేదు. తల్లీకూతుళ్లు ఆటోలో ఆసుపత్రికి చేరేసరికే అంతా అయిపోయింది. లోకేశ్వరి రెండు చేతులతో అన్న ముఖం తడిమింది. మీసాల్లో ఇంకా మెషిన్ ఆయిల్ వాసన.

దానమిచ్చిన కళ్లు సేకరించే నేత్రనిధి నుంచి యోగిత అనే అమ్మాయి వచ్చింది. మెల్లగా చెప్పింది: "ఆయన ఫారం రాసిచ్చినాడక్కా. అయినా ఇంట్లోవాళ్లు సంతకం పెడితేనే తీసుకుంటాం. పోయిన ఆరు గంటల్లోపల తియ్యాల."

లీలమ్మ తలెత్తింది. "ఆ కండ్లు దీనికి పెడతారా?"

యోగిత నోరు తెరిచేలోపే లోకేశ్వరే చెప్పింది. "నాకి పనికిరావమ్మా. నా జబ్బు లోపలుండాది."

"తోడబుట్టినదానికి పనికిరాని కండ్లు ఎవురికో ఎందుకే? నా బిడ్డను గుడ్డోణ్ణి చేసి పంపాల్నా?"

ఐదు నెలలు వల్లించిన జవాబుల్లో ఒక్కటీ లోకేశ్వరి నోటికి రాలేదు. ఏది గుర్తు తెచ్చుకున్నా దానితోపాటు అన్న నవ్వు వినిపిస్తోంది. తల్లి కాళ్ల దగ్గర నేల మీద కూలబడింది.

"నాకేం చెప్పాల్నో తెలీదమ్మా. రోజూ లేచేటప్పుడు, ఈ పొద్దు కనిపిస్తాదేమో అనుకుంటా. పన్నెండేండ్లుగా అనుకుంటా ఉండా. నీకి ఎప్పుడూ చెప్పలేదు. అట్ల అనుకునేవాళ్లు ఇంకో ఇద్దరు యాడో ఉంటారు. వాళ్లకన్నా కనిపించనీమ్మా."

లీలమ్మ కూతురి తల ఒళ్లోకి లాక్కుని చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత, సంతకం యాడ పెట్టాల అని అడిగింది.

కేశవ్ పోయిన పన్నెండో రోజు సైకిల్ బృందం నాయకురాలు దీపా ఇంటికొచ్చింది. ముందు సీట్లో తాను కూర్చుంటానంది. లోకేశ్వరి సరేనంది. మర్నాడు పొద్దున ఇద్దరూ బయలుదేరారు. దీపా ఎంతో జాగ్రత్తగా నడిపింది, ఒక్క కుదుపైనా లేదు. దారిలో కాలాపట్టు ఊరు దాటాక లోకేశ్వరి కాళ్లు ఆగిపోయాయి.

"ఆపక్కా."

రోడ్డు పక్కన దిగి, సీటు పట్టుకుని నిలబడింది. "నీ తప్పేం లేదక్కా. నేను రాలేను."

దీపా బలవంతం చేయలేదు. సైకిలు పక్కన నడుచుకుంటూ ఊరి దాకా తోడొచ్చింది.

బృందం కన్యాకుమారిలో బయలుదేరిన రోజు లోకేశ్వరి ఆఫీసులో ఉంది. దీపా ఫోన్ చేసింది. వెనక సముద్రపు గాలి, కేశవ్ పేరు పెట్టి అందరూ వేస్తున్న కేకలు.

"మేము ఊళ్లల్లో ఏం చెప్పాల్నో నువ్వొక మాట చెప్పు లోకేశ్వరీ."

"ఫారం రాసిచ్చే ముందర ఇంట్లో అమ్మతో కూసోని మాట్లాడమని చెప్పక్కా. మా అన్న మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు."

ఆ ఫోన్ పెట్టేసిందో లేదో బల్ల మీద ఇంకో లైను మోగింది. రిసీవరు ఎత్తింది. ఆఫీసు పేరు చెప్పాలి. చెవుల్లో ఇంకా అన్న పేరుతో వేసిన ఆ కేకలే. అవతలి మనిషి హలో, హలో అంటూనే ఉన్నాడు.