పది అంకెల ముందు తొంభై ఒకటి

నేను ఒక స్క్రిప్టుని, కంప్యూటరుకి రాసిపెట్టిన ఆదేశాల చీటీని. మొత్తం పద్నాలుగు వరుసలు. అందులో నాలుగు, నన్ను రాసినాయన తన గుర్తుకోసం రాసుకున్నవి. పనిచేసేవి పదే. ముట్టుకుందామంటే నాలో ఏమీ ఉండదు. తెరమీద అక్షరాలుగా కనిపిస్తాను, అంతే.

నన్ను రాసింది ఢిల్లేశ్వరరావు. శ్రీకాకుళం వైపు ఒక డయాలసిస్ సెంటర్లో కంప్యూటర్ ఆపరేటరు. కిడ్నీలు చెడిపోయినవాళ్ళు వారానికి రెండుసార్లు అక్కడికొచ్చి, నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకుని వెళతారు. రోజు మారినా, చోటు మారినా వాళ్ళకి ముందురోజే మెసేజీ వెళ్ళాలి. జాబితాలో ఫోన్ నంబర్లు పది అంకెల్లో ఉంటాయి. మెసేజీలు పంపే కంపెనీవాళ్ళు మాత్రం ముందు దేశం కోడు తొంభై ఒకటి ఉండాలంటారు. లేకపోతే ఆ నంబరును కిమ్మనకుండా పక్కన పడేస్తారు. పది అంకెలు కనబడిన చోటల్లా ముందు తొంభై ఒకటి చేర్చి పెట్టడం నా ఉద్యోగం. నా తరఫున జాబితా చదివి మార్చేది ఆక్ అనే ప్రోగ్రాము. నేను చెబుతాను, అది చేస్తుంది. ఆరేళ్ళు అలా గడిచాయి. ఇష్టంగా చేశానా అని మీరు అడిగితే, తెలియదు.

ఆ సెంటర్లో ఒక పద్ధతి ఉండేది. మార్పు ఉంటేనే మెసేజీ. రాకపోతే అంతా మామూలే. హెడ్ నర్సు రోజ్లీన్ సిస్టర్ పెట్టిన పద్ధతి అది. చదువురానివాళ్ళు ఫోన్ మోగితే ఎవరిచేతనైనా చదివించుకునేవారు. మోగకపోతే నిశ్చింతగా బస్సెక్కేవారు.

పోయిన వేసవిలో కొత్త కంప్యూటర్ వచ్చింది. పాతదాన్ని స్టోరు గదిలోకి మార్చారు, మెసేజీలు పంపే కనెక్షన్ తీసేసి, పాత ఫైళ్ళకోసం దాన్ని ఆపకుండా ఉంచారు. కొత్తదానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఢిల్లేశ్వరరావు నన్ను అందులోకి కాపీ చేసి ఒకసారి నడిపాడు.

"ఎర్రర్ ఏటీ రాలేదు సిస్టర్. పనిచేస్తంది," అన్నాడు.

పూజకి పెట్టిన శ్రద్ధలో పావువంతు పెట్టినా, నేను బయటికి పంపిన జాబితాను ఒకసారి తెరిచి చూసేవాడు. చూడలేదు.

కొత్త కంప్యూటర్లోనూ ఆక్ ఉంది. పేరు అదే, మనిషి వేరు అన్నట్టు. నాలో 'అంకె' అని రాసి పక్కనే బ్రాకెట్లో 'పది' అని ఉంటుంది. అంకెలు వరసగా పది ఉండాలని పాత ఆక్ అర్థం చేసుకునేది. కొత్తదానికి ఆ అలవాటు లేదు. ఆ బ్రాకెట్టూ ఆ పదీ ఫోన్ నంబరులోనే ఉంటాయనుకుని వెతికింది. దొరకలేదు. దొరకలేదని చెప్పనూ లేదు. నంబర్లు ఎలా వచ్చాయో అలాగే వెళ్ళిపోయాయి.

ఆ వారమే నీళ్ళు శుద్ధిచేసే ప్లాంటుకి మరమ్మతు పడింది. శుక్రవారం రావలసిన ఏడుగురూ పట్నంలోని సెంటర్‌కి వెళ్ళాలి. గురువారం మధ్యాహ్నం నన్ను నడిపారు. ఏడు మెసేజీలూ పోలేదు.

శుక్రవారం ఏడుగురూ ఇక్కడికే వచ్చారు. ప్లాంటు ముక్కలుగా విప్పి ఉంది. ఆరుగుర్ని ఆటోల్లో పట్నం పంపారు. ఏడో మనిషి తవిటమ్మ. సోమవారం తర్వాత మళ్ళీ అదే రావడం. కాళ్ళూ ముఖమూ ఉబ్బిపోయి, ఊపిరి అందక బెంచీ మీద ముందుకి వంగి కూర్చుంది.

"మెసేజీ రానేదు కదమ్మా. అందుకే ఇక్కడికొచ్చీసినాం," అన్నాడు ఆమె భర్త బైరాగి. సిస్టర్ ఆక్సిజన్ పెట్టి అంబులెన్సుకి ఫోన్ చేసింది.

ఢిల్లేశ్వరరావు నన్ను తెరిచాడు. నడిపాడు. ప్రతి నంబరు ముందూ తొంభై ఒకటి ఉంది. మళ్ళీ నడిపాడు. మళ్ళీ ఉంది. "నా దగ్గర బాగానే వస్తంది సిస్టర్," అన్నాడు. నెట్‌వర్కులోంచి ఆయన తెరమీద తెరిచిన కిటికీ స్టోరు గదిలోని పాత కంప్యూటర్‌ది. ఆరేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే అటు వెళ్ళింది. గంటసేపు బాగున్న చోటే నాలో తప్పు వెతికాడు.

ఆ గంటలోనే తవిటమ్మ పోయింది. అంబులెన్సు ఇంకా దారిలోనే ఉంది. నాకేమీ అనిపించలేదు. అనిపించకపోవడమే ఇప్పుడు తలుచుకుంటే కొంచెం భయంగా ఉంటుంది.

ఆమె పోయిన సంగతి ఢిల్లేశ్వరరావుకింకా ఎవరూ చెప్పలేదు. తెర మూలనున్న పాత కంప్యూటర్ పేరు అప్పుడు చూసుకున్నాడు. కొత్తదానిలో నడిపి, బయటికొచ్చిన జాబితా మొదటిసారి తెరిచాడు. బ్రాకెట్టు తీసేసి, 'అంకె' అని పదిసార్లు రాశాడు. ఇక ఏ ఆక్ అయినా చదవగలదు. సరిపోయిందో లేదోనని నన్ను మళ్ళీ నడిపాడు. నిన్నటి జాబితా ఇంకా అందులోనే ఉందని, నన్ను నడిపితే మెసేజీలు వాటంతటవే వెళతాయని మరిచిపోయాడు. ఏడు మెసేజీలూ వెళ్ళాయి.

వరండాలో తవిటమ్మ ఫోన్ మోగింది. బైరాగి దాన్ని రెండు చేతులా పట్టుకుని లోపలికి వచ్చాడు. ఆయనకి చదువు రాదు.

"దాని ఫోనుకి ఏటో వచ్చింది బావూ. అది పోనాది. ఏటొచ్చిందో సదివి సెప్పు."

ఢిల్లేశ్వరరావు ఫోన్ తీసుకున్నాడు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదేమో, ఉన్నది ఉన్నట్టు చదివాడు.

"రేపు మీ డయాలసిస్ పట్నం సెంటర్లో. ఇక్కడికి రావద్దు."

బైరాగి తలూపి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

సిస్టర్ పద్ధతి మార్చింది. మార్పు ఉన్నా లేకపోయినా ఇప్పుడు అందరికీ మెసేజీ వెళుతుంది. జాబితాలోంచి తవిటమ్మ నంబరు ఎవరూ తీయలేదు, తీయమని బైరాగి కూడా అడగలేదు. ప్రతి గురువారం మధ్యాహ్నం ఆ పది అంకెల ముందు నేను తొంభై ఒకటి పెడతాను.