అంటు కింది పిలక

డాబా మీద మా ఆవిడ పెంచే కుండీలు బోలెడు. ఏది పోయినా ఆవిడ పెద్దగా బాధపడదు, ఒక్క గులాబీ విషయంలో తప్ప. పసుపు రేక, అంచున ఎరుపు. అది మా అత్తగారి పెరట్లోది. ఆవిడ బతికుండగా మామగారు తన చేత్తో రెండు అంటు మొక్కలు కట్టి కూతుళ్లకి తలొకటి ఇచ్చాడు. ఆవిడ పోయిన ఏడాదే తల్లిమొక్కా ఎండిపోయింది. మా మరదలు తన మొక్కకి పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి నీళ్లు పోసి పోసి వేరు కుళ్లబెట్టింది. మిగిలింది మాదొక్కటే. అదీ పోతే ఆ రంగు ఇక లేనట్టే. నర్సరీలో ఫోటో చూపిస్తే, ఇలాంటిది మేమెప్పుడూ చూడలేదన్నారు.

నేను బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్ని. అంటే, మొన్నటిదాకా. ఇప్పుడు యంత్రం వచ్చింది. గుడ్డ అదే పరుచుకుంటుంది, అదే కోసుకుంటుంది. బడి మధ్యలో మానేసి కత్తెర పట్టినవాణ్ని, నాకు ఇంకో పని రాదు. మా ఆవిడ క్లినిక్‌లో ఉద్యోగానికి పోతే నేను ఇంట్లో గిన్నెలు తోముతున్నాను.

మా తోడల్లుడు ఆఫీసరు. ఆకుని ఫోటో తీస్తే జబ్బేదో చెప్పే యాప్ అతని ఫోన్లో ఉంది. అందుకే నేను పెట్టిన పేరు ఫోన్ డాక్టరు. చలి తగ్గి చిగుళ్లు వేసే కాలం వచ్చిందంటే ఇక అతన్ని పట్టలేం. ఓ ఏడాది అందరి చేతా మట్టి తీయించి కొబ్బరి పొట్టు పోయించాడు. మరుసటేడు గోడకి సీసాలు వేలాడదీసి పాలకూర పెంచాడు. కూర మాట దేవుడెరుగు, గోడంతా చెమ్మ దిగింది. ఈ ఏడు కత్తిరింపుల మీద పడ్డాడు. ఓ ఆదివారం కొత్త కత్తెర, చేతి తొడుగులు, పెళ్లాంతో సహా మా డాబా ఎక్కాడు.

గులాబీ అప్పుడు రెండు రకాలుగా ఉంది. పాత కొమ్మలు రెండూ ఆకు లేకుండా నల్లబడి ఉన్నాయి. మొదట్లోంచి ఒక పిలక మాత్రం నిటారుగా, పచ్చగా, నా భుజం దాకా ఎదిగింది. దాన్ని చూసి మా ఆవిడ మురిసిపోని రోజు లేదు.

"అన్నయ్యా, పైవి రెండూ అయిపోయినట్టే. తీసేద్దాం. బలమంతా ఈ కింది కొమ్మకి పోతుంది" అన్నాడు ఫోన్ డాక్టరు.

"ఎవరు చెప్పారు, నీ ఫోనా?"

"ఇప్పుడందరూ ఇదే చేస్తున్నారు. పాతదాన్ని తీసేసి కొత్తదానికి చోటివ్వాలి. అంతే."

ఫ్యాక్టరీలో మేనేజరు నాతో అన్నదీ ఇదే మాట. నవ్వు కూడా ఇదే నవ్వు. అతని చేతిలో కత్తెర లాక్కుని, ఆ పచ్చటి పిలకని మట్టి దగ్గరికి పట్టి కోసేశాను. ఒకటే దెబ్బ. కోత మాత్రం శుభ్రంగా పడింది.

"అయ్యో బావా! ఆయన మీద కోపం ఉంటే ఆయన్ని తిట్టు, మొక్కేం చేసింది నిన్ను?" అంటూ మరదలు ఆ కొమ్మని ఒళ్లో పెట్టుకుంది. ముక్కలు చేసి, తడిగుడ్డలో చుట్టి, నాటుకుంటానని పట్టుకుపోయింది.

వాళ్లు వెళ్లాక మెట్లు దిగుతూ మా ఆవిడ, "మా అమ్మది అదొక్కటే ఉంది. మీకు కోయడానికి ఇంకేదీ దొరకలేదు" అంది.

ఆ తర్వాత ఇంట్లో మాటలన్నీ గోడకే. "అన్నం టేబుల్ మీద ఉంది" అని గోడకి చెప్పేది. నేనూ గోడ దగ్గరే తెలుసుకునేవాణ్ని. మరదలు మాత్రం రోజూ ఫోటోలు పంపేది. నాటిన ముక్కలన్నీ ఇట్టే చిగురించాయి. 'అమ్మ మా ఇంటికొచ్చేసిందక్కా' అని కింద రాసేది. మా ఆవిడ ఆ ఫోటో నాకు కనబడేలా పెట్టి వెళ్లిపోయేది.

ఆవిడ పనికి పోయాక నేను డాబా ఎక్కేవాణ్ని. నల్లబడ్డ కొమ్మని గోటితో గీరితే లోపల పచ్చగా ఉంది. ఎవరికి చెప్పను? మట్టి ఆరినప్పుడల్లా కాసిని నీళ్లు పోసి దిగేవాణ్ని.

ఒకనాటి పొద్దున ఆ చచ్చిన కొమ్మలోంచి ఎర్రటి చిగురు పొడుచుకొచ్చింది. మా ఆవిడ చూసి, అక్కణ్నుంచే వాళ్ల నాన్నకి వీడియో కాల్ చేసింది.

"కింద పిలక ఏదైనా వచ్చిందేంటే?" అన్నాడాయన.

"వచ్చింది నాన్నా. మీ అల్లుడు కోసేశారు."

"శభాష్ అల్లుడూ! అంటు కట్టిన చోటికి కింద వచ్చేది మనది కాదు, వేరు కోసం వాడిన అడివి గులాబీ. వదిలేస్తే పైదాన్ని తినేస్తుంది. ఆకులు చూసి పట్టేశావా? మనదానికి రెమ్మకి ఐదే, దానికి ఏడుంటాయి."

"ఊఁ" అన్నాను.

ఫోన్ పెట్టేసి మా ఆవిడ నా వంక చూసింది. "నిజంగా తెలుసా మీకు?"

"నా మొహం. నాకు తెలిసిన అంట్లు సింకులో ఉండేవే. వాడు ఉంచమన్నాడని కోశాను."

ఆవిడ బకెట్ బోర్లించుకుని కూలబడి మరీ నవ్వింది. ఉన్నట్టుండి ఆగింది. "మరి చెల్లి?"

చెల్లి కుండీల్లో పెరుగుతున్నదంతా అడివి గులాబీ.

"నేను చెప్తా" అన్నాను వెంటనే.

"మీరు నోరు తెరవకండి."

ఆవిడే చెప్పింది. అవతల మరదలు ఏడవడం నాకూ వినిపించింది. కుండీలన్నీ పీకి పారేస్తానంటోంది. మళ్లీ మామగారికే ఫోన్ చేశారు.

"పీకితే ఊరుకోను! అంటు కట్టడానికి కావలసినవి అవేనే, వేరు పట్టిన అడివి మొక్కలు. కాండం కాస్త లావెక్కనివ్వండి. అక్క మొక్క నుంచి చిగురేసే కన్ను తీసి వాటికి కడదాం" అన్నాడాయన.

ఎండలు తగ్గి నాలుగు చినుకులు పడ్డాక ఆయన వచ్చాడు. మరదలు కుండీలన్నీ మా డాబా మీదికి చేర్చింది. ఫోన్ డాక్టరు వీడియో తీస్తూ నా చెవిలో, "ఆ కొమ్మలో బలముందని ముందే చెప్పానా లేదా అన్నయ్యా?" అన్నాడు. నేను నోరు తెరవలేదు. అది ఆవిడ ఆర్డరు.

మామగారు చిన్న చాకు తీసి బెరడుకి ఆనించాడు. చెయ్యి వణికింది. మళ్లీ ఆనించాడు. మళ్లీ వణికింది.

"అల్లుడూ, కోత నువ్వు పెట్టు. బెరడు వరకే తెగాలి, లోపల తగలకూడదు. పై గుడ్డ తెగి లైనింగు తెగకుండా కోస్తారు చూడు, అలా."

కూర్చుని కోశాను. ఆయన కన్ను దూర్చాడు, మా ఆవిడ టేపు చుట్టింది, మరదలు ఒక్కో కుండీ జరిపింది. ఒకటి మావల్ల పాడైంది, మిగతావి పట్టుకున్నాయి.

ఆ వీడియోని ఫోన్ డాక్టరు వాళ్ల మొక్కల గ్రూపులో పెట్టాడు. అందులో నా చేతులు మాత్రమే కనిపిస్తాయి. మాటంతా అతనిదే. ఎవరిదీ చెయ్యి, ఇంత సాఫీగా కోసిందని ఎవరో అడిగారట. అతను ఇంకా జవాబు పెట్టలేదు.