రాతిలోని ముగ్గురు

అక్క కుట్టుగదిలో మధ్యాహ్నాలు నీలంగా ఉంటాయి. మూలనున్న ఉప్పునీటి అక్వేరియం దీపం కిటికీ తెరల మీదా, సగం కుట్టిన గౌన్ల మీదా అలలు ఆడిస్తుంది. మిషను ఆగితే మోటారు బుడబుడలే వినిపిస్తాయి. నాకు కూర్చున్నచోటే కునుకు పట్టేస్తుంది.

అక్వేరియం నాన్నది. ఆయన పోయాక తమ్ముడు తనకు కావాలన్నాడు. "మొక్కకే నీళ్లు పొయ్యవు, నీకు చేపలా?" అంది అక్క. వాడు అలిగి మాటలు మానేశాడు. అక్కా తక్కువ తినలేదు. మధ్యలో నేను, అడకత్తెరలో పోకచెక్కలా. వాడు లేని ఆ గది నాకేమీ బాగుండదు.

ఈమధ్య అక్వేరియంలోని సముద్రపు రాయి బొరియల్లోంచి పురుగుల్లాంటివి మూడు తొంగిచూడటం మొదలుపెట్టాయి. సన్నగా, నూగు నూగుగా, కలలో కదిలినట్టు కదులుతాయి. అవేమిటో మాకు తెలియదు. పేరు తెలియని ప్రాణికి ఇంట్లోవాళ్ల పేర్లు పెట్టడం నాన్న నేర్పిన అలవాటు. మేత వేయగానే అందరికంటే ముందు బయటికి సాగేది అక్క. ఊరికే ఉలిక్కిపడేది నేను. ఎంత పిలిచినా లోపలే ముడుచుకునేది తమ్ముడు.

చేపల దుకాణం ఆయన ఫోన్లో అంతా విని, "పురుగులైతే చేపల్ని కొరుకుతాయమ్మా, లాగి పారెయ్యండి" అన్నాడు.

అక్క పొడవాటి పట్టకారు నా చేతికిచ్చింది. "ముందు తమ్ముణ్ణి లాగు."

"నీ కోపం పాడుగానూ!" అన్నాను గానీ, పట్టుకుని లాగాను.

ఒక్కసారిగా మూడూ బిగుసుకున్నాయి. పక్క బొరియలో అక్క గిలగిల కొట్టుకుంది. పైన నేను మెలికలు తిరిగాను. తమ్ముడి కొస పుటుక్కున తెగింది. అప్పుడు రాతి కిందనుంచి అది మెల్లగా బయటికొచ్చింది. నడుమ బొత్తామంత ఒళ్లు, చుట్టూ ఐదు చేతులు, అందులో ఒకటి మొండి. మేం పేర్లు పెట్టిన ముగ్గురూ ఒకటే ప్రాణి.

ఫొటో పంపితే దుకాణం ఆయన నొచ్చుకున్నాడు. "అయ్యో, నక్షత్రచేపకి చుట్టమమ్మా అది. ఎవర్నీ ఏమీ అనదు. చెయ్యి మళ్లీ మొలుస్తుందిలెండి, కాస్త టైం పడుతుంది."

అక్క అక్వేరియం అద్దానికి నుదురు ఆనించి చాలాసేపు కూర్చుంది. ఏడుస్తోందని తెలిసి నేను అటు చూడలేదు. తర్వాత ఫోను తీసి తమ్ముడికి కలిపింది. వాడు ఎత్తాడు.

"ఒరేయ్, నీ చెయ్యి విరగ్గొట్టాం" అంది అక్క. "మొలుస్తుందటలే. వచ్చి చూసుకో."