కుర్చీలు నింపే పని

ఓబళప్ప బల్ల మీద నిలబడి మూడో ప్యానెల్‌కు పురికొస కడుతున్నాడు. ఒక కొస పళ్ళ మధ్య ఉంది, రెండో కొస కిటికీ ఊచకు చుట్టి ఉంది. కింద మునివెంకటమ్మ చీపురు పట్టుకుని తలెత్తి చూస్తూ, "ఎడమ పక్క కిందకుండాదన్నా" అంది. అతను ఎడమ పక్క పైకి లాగాడు.

"ఇప్పుడు కుడి పక్క దిగింది."

కుడి పక్క లాగాడు. మళ్ళీ ఎడమ పక్క దిగింది. పురికొస నోట్లోంచి తీసి ముడి వేసేసి, "ఉండనీలే మునెమ్మా. వచ్చేవాళ్ళు ఈ పక్క చూస్తారా ఏమన్నానా" అన్నాడు.

ఎక్కడం అతనికి పెద్ద కష్టం కాదు, దిగడమే భయం. ముందు బల్ల అంచు మీద చతికిలబడి, ఒక కాలు కిందికి జార్చి, అది నేలకు ఆనిందో లేదో చూసుకుని, తర్వాత రెండో కాలు దించాడు. చీలమండల పైన నరాలు నీలంగా ముడులు పడి ఉన్నాయి. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టవు. ఖాకీ చొక్కా జేబు నిండా గుండుసూదులు, వేళ్ళకు ఎండిన మైదా జిగురు. ఎడమ భుజం పొద్దుటి నుంచీ లాగుతోంది. ప్యానెళ్ళు ఎత్తినందువల్లే అనుకుని రెండుసార్లు నలుపుకుని వదిలేశాడు.

ఆ పెద్ద లైబ్రరీలో కాలాలు గోడలను బట్టి మారేవి. ఎండాకాలం సెలవుల్లో పిల్లల బొమ్మల పుస్తకాలు, ఆగస్టులో జెండాలు, అక్టోబరులో రాట్నం, నవంబరు రాగానే రాష్ట్రావతరణ పండుగ రాజ్యోత్సవానికి ఎరుపూ పసుపూ తోరణాలు. వాటిని విప్పి మడత పెట్టేలోపే గ్రంథాలయ వారోత్సవం, ఇప్పుడు కడుతున్నది దానికే. ప్రదర్శన ఏదైనా ప్యానెళ్ళు అవే. ఫోటోలు వెలిసిపోయి, కొన్నింటిలో మనుషుల కంటే వాళ్ళ వెనక ఉన్న చెట్లే బాగా కనిపించేవి. చూడడానికి ఎవరు వస్తారంటే, వానకు తలదాచుకునేవాళ్ళు వస్తారు, మాట్లాడుకోవడానికి చోటు దొరకని జంటలు వస్తారు. అయినా ఏటా ప్రారంభోత్సవం జరగాలి, పైనుంచి ఎవరో ఒకరు వచ్చి రిబ్బను కత్తిరించాలి, ఆ వచ్చినవారి ముందు హాలు నిండి ఉండాలి.

హాలు నింపడం ఓబళప్ప పని. అది అతని ఉద్యోగంలో ఎక్కడా లేదు, ఎప్పుడు వచ్చి చేరిందో అతనికే గుర్తు లేదు. కారు గేటు దగ్గరికి వచ్చే వేళకు అతను కింద పేపర్ల గదికి వెళ్ళి, అక్కడ పొద్దంతా కూర్చునే ముసలివాళ్ళను బతిమాలి పైకి తెచ్చేవాడు. వాళ్ళు వచ్చి కూర్చుని, కునికి, చప్పట్లు వినిపించినప్పుడు లేచి చప్పట్లు కొట్టి, చివర్లో ఇచ్చే టిఫిన్ పొట్లం పట్టుకుని వెళ్ళేవారు. ఈ ఏర్పాటు అందరికీ తెలుసు, ఉపన్యాసాలు ఇచ్చేవారికి తప్ప.

ఓబళప్పది మడకశిర వైపు. ఈ హాలు కడుతున్నప్పుడే ఇటుకలు మోయడానికి వచ్చాడు. పని అయ్యాక మేస్త్రీ మిగిలినవాళ్ళను తీసుకుని కె.ఆర్.పురం పోతే, ఇతను పుస్తకాల బీరువాలు ఎక్కించే పనికి ఆగాడు, ఆ ఆగడం ఆగడమే. అటెండరు అయ్యాడు, పెళ్ళయింది, బొమ్మనహళ్ళిలో ఒంటిగది ఇల్లు అద్దెకు తీసుకున్నాడు, జుట్టు నెరిసింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ హాల్లో కూర్చోలేదు. సభ జరుగుతున్నంతసేపూ అటెండరు తలుపు పక్కన నిలబడాలి. ఎవరికి దగ్గు వస్తుందో, ఎవరికి నీళ్ళు కావాలో ఎవరికి తెలుసు?

ఇప్పుడు అతనికి కావలసింది ఒక్క స్టూలు. లైబ్రరీ వాకిట్లో సంచులు దాచే కౌంటరు ఉంది. చదువుకోవడానికి వచ్చేవాళ్ళు బ్యాగు అక్కడ ఇచ్చి బిళ్ళ తీసుకుంటారు. అక్కడ పనిచేసే నంజప్ప మొన్న రిటైరయ్యాడు. ఆ పని స్టూలు మీద కూర్చుని చేసేది. ఎక్కువసేపు నిలబడితే ఈ కాళ్ళు ఇంక పనికిరావని డాక్టరు కసిరాడు. ఓబళప్ప వారం రోజులు మాట కూడబెట్టుకుని చీఫ్ లైబ్రేరియన్ మేడం గదిలోకి వెళ్ళి అడిగాడు. మేడంది చిత్తూరు, అతనితో తెలుగులోనే మాట్లాడేది.

"పోయినేడు ఖాళీ కుర్చీల ఫోటో పేపర్లో వేశారు ఓబళప్పా, నేను ఎన్ని మాటలు పడ్డానో నీకు తెలీదు. ఈసారి సెక్రటరీగారే వస్తున్నారు. హాల్ ఫుల్‌గా ఉండాలి. ఉంటే సోమవారం నుంచి నువ్వు బ్యాగుల కౌంటర్లో కూర్చో. లేకపోతే మాత్రం నన్నేం అడగొద్దు."

ఇంటికి వెళ్ళి ఈ మాట భార్య మల్లమ్మకు చెప్పాడు. ఆమె బొమ్మనహళ్ళిలోనే గార్మెంట్స్‌లో దారాలు కత్తిరిస్తుంది. రెండు రోజులు కత్తిరింపు పేలికలు కొంగున కట్టుకుని తెచ్చి, పాత గుడ్డ బ్యానరు ముక్కతో సంచి కుట్టి, అందులో కూరి దిండు చేసింది. ఫ్లెక్సులు వచ్చాక గుడ్డ బ్యానర్లు ఎవరికీ అక్కర్లేదు, ఓబళప్ప ఇంటికి తెచ్చుకునేవాడు. సభ రోజు పొద్దున బస్సులో దిండును కడుపుకు ఆనించుకుని నిలబడితే, పక్క సీటావిడ "పసిబిడ్డకా అప్పా?" అని అడిగింది. అతను సిగ్గుపడి ఔనన్నాడు.

లైబ్రరీకి రాగానే దాన్ని నంజప్ప స్టూలు మీద పెట్టాడు. మునివెంకటమ్మ వేలితో నొక్కి చూసి, "బలే మెత్తగుండాదే. ఒక తూరి కూకో, చూద్దాం" అంది.

"ఇంకా నాది కాదు కదమ్మా. సోమారం కూకుంటా."

"సుమ్మనే, ఊరికే కూకోడానికేమి? ఎవరు చూస్తారు?"

"వద్దులే" అని స్టూలును కౌంటరు కిందికి తోసేశాడు.

మధ్యాహ్నం మేడం పిలిచి ఇంకో మాట చెప్పింది. ఈసారి పొట్లాలు లేవు, పై ఆఫీసు వద్దంది. వేదిక మీద ఉన్నవాళ్ళకు మాత్రం కాఫీ, బిస్కెట్లు. ఓబళప్ప తలూపాడు. ఆ ముసలివాళ్ళలో సగంమంది రాత్రి అన్నానికి బదులు ఆ పొట్లమే తింటారని అతనికి తెలుసు. పొట్లం ఉందని చెప్పి తీసుకొస్తే? కూర్చున్నాక ఎలాగూ లేవరు, అయిపోయాక తిడితే తిడతారు. మెట్లు దిగుతూ ఆ అబద్ధాన్ని మనసులో నాలుగైదు విధాల చెప్పి చూసుకున్నాడు.

పేపర్ల గదిలో తడి గొడుగుల వాసన. మూల బల్ల దగ్గర వెంకటరమణప్ప కోతిటోపీ, బూడిదరంగు శాలువాతో కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు మిల్లులో నేసేవాడు, మిల్లు మూతపడ్డాక రోజూ ఇక్కడికే వస్తాడు. ఓబళప్పను చూడగానే కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, "ఏమప్పా, వచ్చేసిందా కాలం? ఈ తూరి పొట్లంలో ఖారాబాతా, ఉప్పిట్టా?" అన్నాడు. చుట్టూ పేపర్లు కిందికి దిగాయి.

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది.

"ఏమీ లేదు సామీ. కాఫీ కూడా లేదు."

"మరి యాల పిలుస్తాండావు?"

"నాకోసరం" అన్నాడు ఓబళప్ప. అన్నాక అతనికే వింతగా అనిపించింది. ఇన్నేళ్ళూ మేడం రమ్మన్నారనీ, మినిస్టరు వస్తున్నారనీ పిలిచాడే గానీ తన పేరు చెప్పుకుని ఎవరినీ పిలవలేదు. "హాలు నిండితే నాకు కూకునే పని ఇస్తామన్నారు. బ్యాగుల కాడ. నా కాళ్ళు సాలవు సామీ, ఇంక నిలబడలేను."

వెంకటరమణప్ప ఒంగి ఆ కాళ్ళ వైపు చూశాడు. పేపరును మడతల ప్రకారం మడిచి బల్ల మీద పెట్టాడు.

"లేయండప్పా. తిండి లేకుంటే పాయె. ఇన్ని తూర్లు మనకి పెట్టించినోడు, ఈ పొద్దు ఒక గంట అడుగుతా ఉండాడు."

గొణుక్కుంటూనే లేచారు. మెట్ల మీద వాళ్ళ వెనకే వస్తూ ఓబళప్ప కళ్ళు తుడుచుకున్నాడు. అతనికి ఏడుపు వచ్చి చాలా కాలమైంది.

కారు వచ్చే వేళకు హాలు నిండింది. తలుపు దగ్గర కూడా ఇద్దరు నిలబడ్డారు. అయితే ముందు వరుసలో, నడవ పక్కన, ఒక కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. సెక్రటరీ గారి భార్య కోసం ఉంచింది. ఆవిడ రాలేదు. ఫోటోగ్రాఫరు కెమెరా దించి, ముందు బోసిగా కనిపిస్తోందన్నాడు. మేడం చుట్టూ చూసి, పళ్ళు బిగించి, "నువ్వే కూర్చో ఓబళప్పా, తొందరగా" అంది.

"ఖాకీ మేడం..."

వెనక వరుసలోంచి వెంకటరమణప్ప తన శాలువా తీసి అందించాడు. ఓబళప్ప దాన్ని మెడ దాకా కప్పుకుని కూర్చున్నాడు.

ఈ కుర్చీలను అతను ఎన్ని వందలసార్లు మోశాడో. ఏ కుర్చీ ఎంత బరువో తెలుసు, ఏది కిర్రుమంటుందో తెలుసు. వీపు ఆనిస్తే ఎలా ఉంటుందో మాత్రం ఇప్పుడే తెలిసింది. సుఖంగా ఉంది. ఇంత సుఖం కోసమా జనం ఉపన్యాసాలు వింటారని నవ్వొచ్చింది. చెప్పుల్లోంచి పాదాలు మెల్లగా బయటికి లాగాడు. మూడో ప్యానెల్ నిజంగానే ఎడమ పక్కకు ఒరిగి ఉంది. అయ్యాక సరిచేయాలి అనుకున్నాడు.

సెక్రటరీ గారు పుస్తకాల గొప్పతనం చెప్పడం మొదలుపెట్టారు. భుజం నొప్పి మోచేతి దాకా దిగింది. లేచి నీళ్ళు తాగుదామనుకున్నాడు గానీ, లేస్తే కుర్చీ ఖాళీ అయిపోతుంది. సోమవారం సంగతి తలచుకున్నాడు. సంచులు వాటంతట అవే తన దగ్గరికి వస్తాయి, తాను ఎక్కడికీ పోనక్కర్లేదు. శాలువా వెచ్చగా ఉంది. బయట వాన ఆగినట్టుంది.

వందన సమర్పణలో చాలామంది పేర్లు చదివారు. అది అయ్యాక జాతీయగీతానికి అందరూ లేచారు. ఓబళప్ప లేవలేదు. వేదిక మీద నుంచి మేడం కోపంగా చూసింది. తల వంచి కనుబొమలు ఎగరేసింది. వెనక నిలబడిన వెంకటరమణప్పకు ఆ తల భుజం మీదికి ఒరిగిన తీరు కనిపించింది. కానీ గీతం నడుస్తోంది, కదలకూడదు. చేతులు రెండూ తొడలకు ఆనించి, కళ్ళనుంచి నీళ్ళు కారుతుండగా, నిటారుగా నిలబడ్డాడు. తలుపు దగ్గర మునివెంకటమ్మ కూడా అలాగే నిలబడింది. హాలంతా నిలబడింది, అతనొక్కడే కూర్చున్నాడు.

గీతం ముగియగానే అందరికంటే ముందు మునివెంకటమ్మ పరుగెత్తుకొచ్చింది. "అన్నా, లేయన్నా" అని భుజం పట్టుకుంది. శాలువా జారిపోయి ఖాకీ చొక్కా బయటపడింది.

మల్లమ్మ ఫ్యాక్టరీ నుంచి ఆస్పత్రికి వచ్చేసరికి ఆమె జుట్టులో దారపు ముక్కలు ఇంకా ఉన్నాయి. ఏడవడానికి ముందు ఒక్క మాట అడిగింది.

"నిలబడి ఉన్నప్పుడా పోయినాడు?"

"లేదక్కా. కూకునుండాడు" అంది మునివెంకటమ్మ.

మల్లమ్మ తలూపింది. తర్వాత ఏడ్చింది.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. హాలు నిండుగా ఉంది. ముందు వరుసలో శాలువా కప్పుకున్న పెద్దమనిషి ఎవరని ఎవరూ అడగలేదు. సోమవారం బ్యాగుల కౌంటరుకు ఎవరినీ వేయలేదు. వచ్చినవాళ్ళు సంచులు తామే లోపల పెట్టి, బిళ్ళలు తామే తీసుకుని వెళ్ళారు. మునివెంకటమ్మ ఊడుస్తూ ఊడుస్తూ కౌంటరు కిందికి వంగింది. స్టూలు అక్కడే ఉంది, దాని మీద దిండు, పాత బ్యానరు మీది సగానికి తెగిన ఎర్ర అక్షరం ఒకటి దాని పైన. ఎవరూ కూర్చోలేదు గనక దిండు ఇంకా ఎత్తుగానే ఉంది.