ప్లేటు సంచిలో ఫోను

నాగవేణి ఫోను పోయిందని చెప్పేసరికి హులిగెమ్మ చేతుల కింద జొన్నరొట్టె సగం తట్టి ఉంది. పెనం కాగిపోయింది. పొయ్యిలో పత్తికట్టె చిటపటమంటోంది. అత్త హనుమక్క గడప దగ్గర కూర్చుని ఆకువక్క నములుతోంది. అన్నీ వదిలేసి కూతురి ముఖం చూద్దామంటే రొట్టె విరిగిపోతుంది. ఆడదాని ఇంటికి వచ్చిన కష్టమైనా పొయ్యి మీద పని తెమిలేదాకా గుమ్మంలో నిలబడి ఉండాల్సిందే. రొట్టెను పెనం మీద వేసి, తడిచేత్తో పైన నీళ్ళు రాసి, అప్పుడు తలెత్తింది.

"యాడ పోయింది పాపా?"

"బళ్ళోనే మా. ప్లేటు సంచిలో పెట్టింటిని. అన్నానికి పోయేటప్పుడు సూస్తే ప్లేటుండాది, గ్లాసుండాది, ఫోను ల్యాదు." పిల్ల దారిలోనే ఏడ్చుకుని వచ్చినట్టుంది, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

గడప దగ్గర నమలడం ఆగింది. "మా కాలంలో ఫోన్లుండెనా? పిల్లోల్లు బతకల్యా?" అంది హనుమక్క, ఎవరినీ చూడకుండా. "తల్లి నెత్తిన పెట్టుకోని పెంచితే ఇట్లనే ఉంటాది."

బడికి ఫోను తేకూడదని హెడ్మాస్టరు ప్రార్థనలో చెబుతాడు. ఫోను లేకుండా బడికి పోకూడదని తండ్రి వెంకటేశులు ఇంట్లో చెబుతాడు. అతను ఆదోని పత్తి మార్కెట్లో హమాలీ. మూటకూ మూటకూ మధ్య కూతురికి ఫోను చేసి "యాడుండావు" అని అడగడమే అతనికి తెలిసిన పెంపకం. ఈ ఇద్దరు మగవాళ్ళూ ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయే సంగతి. మాట్లాడుకోరు. హులిగెమ్మే తేల్చాలి. తేల్చింది కూడా. సార్లు పుస్తకాల సంచులు వెతుకుతారు గానీ, వరండాలో మేకులకు తగిలించిన ప్లేటు సంచుల జోలికి ఎవరూ పోరు. మధ్యాహ్న భోజనానికి పిల్లలు ఇంటి నుంచి ప్లేటూ గ్లాసూ వేసుకుపోయే గుడ్డసంచులు అవి, ఎంత ఉతికినా సాంబారు వాసన వదలదు. పాత లంగా చింపి ఆ సంచి లోపల ఒక జేబు కుట్టింది హులిగెమ్మ. అందులో దాచుకుని, అన్నం గంటలో నాన్నకు తిరిగి ఫోను చెయ్యమంది. కుట్టేటప్పుడు తన తెలివికి తానే మురిసిపోయింది. పిల్ల కూర్చునే బెంచీకీ ఆ మేకుకూ మధ్య ఒక గోడ ఉందన్న సంగతి అప్పుడు తోచలేదు.

పొద్దుగూకాక వెంకటేశులు వచ్చాడు. విషయం విని, పోయిన ఫోనుకు చేసి చూశాడు, స్విచ్చాఫ్ అని వచ్చింది. కూతుర్ని ఏమీ అనలేదు. "సంచిలో పెట్టమన్నది ఎవురు? నువ్వేనా?" అని భార్యను అడిగాడు. "నీకింత తెలివుండాదని తెలిసింటే నేను మూటలు మోయకపోదును." ఫోను తీసుకుపొమ్మన్నది ఎవరో మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తున్న ఒక్క మనిషి రొట్టెలు వడ్డిస్తోంది. కాళ్ళు కడుక్కుని, కంచం ముందు కూర్చుని, పచ్చిమిరపకాయల కారం అడిగినంత మామూలుగా అన్నాడు. "ఇంగ ఫోను ల్యాకుండా వయసుకొచ్చిన పిల్లను ఈడ ఎట్ల ఇడిసిపోతాం? సుగ్గికి తోడుకపోదాం."

హులిగెమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. సుగ్గి అంటే ఈ పడమటి పల్లెల్లో వలస. ఇక్కడి చేలల్లో పని తీరిపోయాక మూటాముల్లె కట్టుకుని గుంటూరు పక్కకు మిరపకాయలు కోయడానికి పోతారు. మేస్త్రీ జతలు చూసి బండెక్కిస్తాడు. ఆలుమగలు ఇద్దరైతే ఒక జత. చేనులో ఇద్దరూ సమానంగా వంగి కోస్తారు. ఇంకా తెల్లవారకముందే లేచి గుడారం ముందు రాళ్ళపొయ్యి ముట్టించడం, బిందెలతో నీళ్ళు మోయడం, కారం మంట ఎక్కిన చేతులతోనే మొగుడి చొక్కాలు ఉతకడం, ఇవి జతలో ఒకరు చేసే పనులు. ఆ ఒకరు ఎవరని ఇంతవరకూ ఏ మేస్త్రీ అడగలేదు. పెళ్ళయినప్పటి నుంచీ హులిగెమ్మ ఆ బండి ఎక్కుతూనే ఉంది. పోయినేడు నాగవేణిని అత్త దగ్గర వదిలిపెట్టి పోయినప్పుడు ఆ ఫోనే ఆమెకు దిక్కయింది. మిరపచెట్ల సాలు చివర మొగుడి ఫోను పట్టుకుని కూర్చుని, మండే చేతిని కొంగుకు తుడుచుకుని, తిన్నావా పాపా, తలకు నూనె పెట్టుకుంటివా, కడుపునొప్పి తగ్గిందా అని అడిగేది. సుగ్గికి పోయిన పిల్లలు తిరిగి వచ్చేసరికి పరీక్షలు అయిపోయి ఉంటాయి. మళ్ళీ బడికి పోవడానికి వాళ్ళకే సిగ్గేస్తుంది. తర్వాత ఏడాది వాళ్ళను సుగ్గికి రమ్మని ఎవరూ బతిమాలాల్సిన పని ఉండదు. నాగవేణికి మార్చిలో పదో తరగతి పరీక్షలు. బండి కదిలేది క్రిస్మస్ దాటగానే.

"పాపకు పరీక్షలుండాయి గదా," అంది.

"ఫోను దొరికితే సూద్దాంలే," అన్నాడు చెయ్యి కడుక్కుంటూ.

అతను ఆ మాట నీళ్ళతో పాటు అక్కడే వదిలేసి లేచాడు. హులిగెమ్మ మాత్రం దాన్ని పట్టుకుంది. ఫోను దొరికితే పిల్ల చదువుకుంటుంది. అంతే కదా, వెతికి తెద్దాం అనుకుంది.

మర్నాడు పత్తి ఏరడానికి పోకుండా బడికి పోయింది. హెడ్మాస్టరు కుర్చీలో వెనక్కు వాలి, "ఫోను తేవద్దని చెప్పినాం కదమ్మా. తల్లివి, చూసుకోవద్దా?" అన్నాడు. తండ్రి అనే మాట ఆయన నోట రాలేదు. అటెండెన్సు తక్కువైతే తల్లి, జడలు వేసుకోకపోతే తల్లి, ఫోను పోతే తల్లి. మార్కులు బాగా వచ్చిన రోజు మాత్రం "ఎవరి కూతురమ్మా నువ్వు" అని అడిగి వెంకటేశులు పేరు రాసుకుంటారు. ఇదంతా నోటిదాకా వచ్చింది. పిల్ల ఆ బడిలోనే ఉండాలి కాబట్టి మింగేసింది. పోలీస్ స్టేషన్లో అడగమన్నారు. ఎమ్మిగనూరు బస్సెక్కి స్టేషన్‌కు పోతే సిమ్ము ఎవరి పేరు మీద ఉందని అడిగారు. మొగుడి పేరు మీద. అయితే ఆయన్నే బిల్లు తీసుకుని రమ్మనమ్మా అన్నారు. ఇంటికొచ్చి చెబితే వెంకటేశులు "నాకు పన్ల్యాదా?" అన్నాడు. ఫోను కొనడానికి ఆమె కోసిన మిరపకాయలు పనికొచ్చాయి. అది పోయిందని చెప్పడానికి మాత్రం ఆమె నోరు చాలలేదు. ఆ కోపంలో అంట్లగిన్నెలు ఎంత గట్టిగా తోమిందంటే, "సొట్టలు పడతాయి, నిదానం," అంది హనుమక్క.

మళ్ళీ బడికి పోయింది. దానికి మళ్ళీ పత్తి పని మానుకోవాల్సి వచ్చింది. ఈసారి హెడ్మాస్టరు విసుక్కుంటూ, "సరే, ఆడపిల్లలందర్నీ వరసగా నిలబెట్టి వెతికిస్తా. దొరికిన పిల్లకు టీసీ ఇచ్చి పంపిస్తా," అన్నాడు.

"వద్దు సార్," అంది హులిగెమ్మ. ఎదిగిన పిల్లలను వరసలో నిలబెట్టి జేబులు తడిమిస్తే వాళ్ళకు ఎట్లా ఉంటుందో ఈ మనిషికి ఎట్లా చెప్పాలి. "నన్నే ఒక మాట మాట్లాడనీయండి."

పదో తరగతి గదిలో తలుపు పక్కన నిలబడింది. ఎప్పుడూ ఇంతమంది ముందు మాట్లాడలేదు, మొదలుపెట్టబోతే దగ్గొచ్చింది. వెనక బెంచీలో కూర్చున్న ఎస్తేరు లేచి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఎస్తేరుది తమ ఊరే. దసరా కాగానే అమ్మానాన్నలు మొదటి బండిలోనే సుగ్గికి పోతే, చెవులు వినిపించని అవ్వ దగ్గర ఉంటోంది. నీళ్ళు తాగి హులిగెమ్మ అంది.

"ఎవురు తీసినారని నేను అడగను. తెలుసుకోవల్లని కూడా ల్యాదు. ఆ ఫోను ల్యాకుంటే మా పాపను సుగ్గికి తోడుకపోతారు. పరీక్షలు ఉండవు. మీలో సుగ్గికి పోయొచ్చినోల్లు ఉంటారు, మీకు నేను సెప్పాల్సిన పన్ల్యాదు. తీసిన సంచిలోనే పెట్టేయండి. అంతే."

ఒక పిల్ల కిసుక్కున నవ్వి ఊరుకుంది. హులిగెమ్మ ఎండలో నడుచుకుంటూ ఇంటికి వచ్చింది. తన మాటలు తనకే తెలివితక్కువగా అనిపించాయి.

మర్నాటి సాయంత్రం నాగవేణి పరిగెత్తుకుంటూ వచ్చి ప్లేటు సంచి ముందర పెట్టింది. లోపల జేబులో, చేతిరుమాలులో చుట్టి ఫోను ఉంది. హులిగెమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంకా చేతిలో పట్టుకుని చూస్తుండగానే అది మోగింది. తెలియని నంబరు.

"ఎస్తేరూ," అంది అవతలి నుంచి ఒక ఆడగొంతు. వెనక ట్రాక్టరు చప్పుడు వినిపిస్తోంది. "నిన్న ఫోను సెయ్యలేదేం పాపా? జరం గిరం వచ్చిందా?"

"ఎస్తేరు ఈడ ల్యాదు," అంది హులిగెమ్మ.

"ఎవురూ? నాగవేణి వాళ్ళమ్మనా? హులిగెమ్మక్కా, నువ్వేనా? మాపటేల ఫోను నువ్వే ఇస్తాండావంటనే. మా పాప సెప్పింది. నీ కడుపు సల్లగుండ. ఒక్క మాట ఇనకపోతే నాకు నిద్ర పట్టదక్కా."

నాగవేణికి అర్థమై ముఖం ఎర్రబడింది. "అదేనా తీసింది? నా పక్కనే కూర్చోని అన్నం తింటాది మా," అని ఏదో అనబోయింది. హులిగెమ్మ చెయ్యెత్తి ఆపింది. "పాప బాగుండాదక్కా, ఇస్తా ఉండు," అని ఫోనులో చెప్పి, కూతురి వైపు తిరిగింది. "బిన్నా పోయి పిల్చుకోని రా. వాళ్ళమ్మ కాసుకోని ఉండాది."

ఎస్తేరు వచ్చి తల వంచుకుని గోడకు అంటుకుపోయింది. చెయ్యి చాపలేదు. హులిగెమ్మే ఆ చేతిలో ఫోను పెట్టి మూసింది.

"మాట్లాడు. రేపట్నుంచీ ఈడికే వచ్చి మాట్లాడు."

"మా," అంది ఎస్తేరు ఫోనులో. "తిన్నాను మా. బాగ తిన్నాను. అవ్వ పప్పు సేసింది."

ఆ పిల్ల మెడ ఎముకలు జాకెట్టు అంచు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. అవ్వకు పొయ్యి ఊదే ఓపిక లేదని ఊరంతటికీ తెలుసు. హులిగెమ్మ తన కూతురి వైపు చూసింది. నాగవేణి చూపు తిప్పుకుంది. పోయినేడు మిరపచేనులో తనకూ ఇవే మాటలు వినిపించాయి. తిన్నాను మా, బాగ తిన్నాను. ఆ మాటలు విని కడుపు నిండినట్టయి, మళ్ళీ వంగి కోసేది. ఈ ఫోను కోసం ఇన్ని రోజులు బడికీ స్టేషన్‌కూ తిరిగింది, తిట్లు తిన్నది. దొరికితే మాత్రం తన పిల్ల తిన్నదో లేదో దీన్ని అడిగితే తెలుస్తుందా. ఎస్తేరుకు రొట్టె పెట్టి, తినేదాకా పక్కనే కూర్చుంది. మొదటి రొట్టె ఆ పిల్ల నమలకుండానే మింగింది.

పొద్దున్నే మేస్త్రీ తిక్కయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వెంకటేశులు టీ తెమ్మన్నాడు. హులిగెమ్మ టీతో పాటు ఫోను కూడా తెచ్చి అతని ముందు పెట్టింది.

"దొరికింది," అంది. "పాప ఈడనే ఉంటాది ఇంగ."

అతను ఫోను తిప్పి చూసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. "మంచిదే. సుగ్గిలో మనకు పనికొస్తాది. పాప కూడా రానీలే, నీకు వంటకు ఆసరా అవుతాది."

"ముగ్గురనే గదప్పా నువ్వు సెప్పింది?" అన్నాడు తిక్కయ్య టీ ఊదుకుంటూ. "దేవరగట్టు జాతర అప్పుడే మాటిచ్చినావు. బండిలో ముగ్గురికీ జాగా పెట్టినా. ఇప్పుడు మార్చద్దు."

దేవరగట్టు జాతర దసరాకు అయిపోయింది. ఫోను పోయింది మొన్న. అంటే ఫోను నాగవేణి సంచిలో భద్రంగా ఉన్న రోజుల్లోనే పిల్ల చదువు బండెక్కింది. ఫోను పోవడం అతనికి ఒక సాకు దొరకడమే. ఆ సాకును వెతికి తేవడానికి తాను పనులు మానుకుని, పరాయి మగవాళ్ళ కుర్చీల ముందు చేతులు కట్టుకుని నిలబడింది. హులిగెమ్మకు ముందు కోపం వచ్చింది, మెడలు నొప్పి పుట్టేంత కోపం. తర్వాత అది ఎటు పోయిందో గానీ, లోపల నిమ్మళంగా అయింది. వంగి, మొగుడి చొక్కా జేబులో నుంచి ఫోను తీసి తన రవికెలో పెట్టుకుంది.

"తిక్కయ్యన్నా, మా ఇంట్లో నుంచి ముగ్గురు రారు. ఇద్దరు కూడా రారు. ఈయప్ప ఒక్కడే వస్తాడు. నేను ఈడ కూలికి పోతా, పాప పరీక్షలు రాస్తాది."

గడప దగ్గర హనుమక్క నమలడం ఆపింది. తిక్కయ్య గ్లాసు కింద పెట్టి వెంకటేశులు వైపు చూశాడు. "ఒంటోళ్ళను తోడుకపోతే నాకు తిప్పలప్పా. నీ అన్నం నువ్వే సేసుకోవల్ల, ముందే సెప్తాండా."

వెంకటేశులు భార్యను కింది నుంచి పైదాకా చూశాడు. అరుద్దామనుకున్నాడు, మేస్త్రీ ఉన్నాడని తగ్గాడు. చివరికి అతని నోట్లో నుంచి ఒక్క మాట వచ్చింది. ఇన్ని సుగ్గుల్లో అతను ఎప్పుడూ అడగని మాట.

"మరి నాకు అన్నం ఎవురు సేయల్ల?"

హులిగెమ్మ ఖాళీ గ్లాసులు తీసుకుంది.

"ఫోను ఉండాది గదా," అంది. "సెయ్యి. ఎట్ల వండల్లనో సెప్తా."