ట్యాంకుకు కుడితి

రాజమౌళి దుబాయ్‌లో బర్రెను సాకుతున్నాడట, గదిగదికీ తిరిగి కుడితి అడుక్కుంటున్నాడట. అక్కడే పనిచేసే అంజి ఫోన్‌లో చెప్పిన ఈ ముచ్చటను వాళ్లమ్మ ఐలవ్వ వాడకట్టంతా పంచింది. రాజమౌళి భార్య కరుణకు నిద్ర పట్టలేదు. తెల్లారగానే ఫోన్ చేసింది.

"బర్రె గాదే, ట్యాంకుల పురుగులు. వాటి కోసమే నా తిప్పలు," అన్నాడతను.

ఊరివాళ్లకు అబుదాబీ కూడా దుబాయే. అక్కడి ఐకాడ్ పారిశ్రామికవాడలో, వర్క్‌షాపుల యూనిఫారాలు ఉతికే ఫ్యాక్టరీలో రాజమౌళి పని. గ్రీజూ సబ్బూ కలిసిన నీళ్లను మొన్నటిదాకా మందు కలిపి శుభ్రం చేసేవారు. ఆ మందు బస్తాలు మోసి మోసి అతని అరచేతులు పొక్కిపోయాయి. ఇప్పుడు ఇంజనీరు సుభాషిణి కంటికి కనబడని సూక్ష్మజీవులను ట్యాంకులో పెంచుతోంది. మురికే వాటి తిండి. ఈద్ సెలవుల తర్వాత నీళ్లు పరీక్షలో నెగ్గాలి, లేదంటే మళ్లీ బస్తాలేనని, అందరూ ముదీర్ అని పిలిచే మేనేజరు తేల్చేశాడు.

సెలవుల్లో ఉతుకుడు ఉండదు. మురికి రాదు. పురుగులకు పస్తు.

"గంజైనా సరే, ఏదో ఒకటి పొయ్యాలి రాజమౌళీ. నూనె, ఉప్పు మాత్రం తగలకూడదు," అంది సుభాషిణి.

రాజమౌళికి ఇంటి ముందరి కుడితి గోలెం గుర్తొచ్చింది. కార్మికులుండే క్యాంపు వంటగది గుమ్మంలో పెద్ద బకెట్ పెట్టాడు. తెలుగువాళ్లు గంజి వంచారు. పక్క గది కలీం బియ్యం కడిగిన నీళ్లు తెచ్చి పోశాడు.

ఉతికే మిషన్ల మీద పనిచేసే అంజి మాత్రం మిగిలిన కోడికూర తెచ్చి అందులో కుమ్మరించాడు. "తిననియ్యే అన్నా, పండుగ గదా!"

నూనె తెట్టెలా తేలింది. రాజమౌళి అంతా పారబోసి, బకెట్ తోమి, మళ్లీ మొదటి గది తలుపు తట్టాడు.

"భాయ్, బియ్యం కడిగిన నీళ్లు పారబొయ్యకుండ్రి."

సెలవులు ముగిసేదాకా అలా తిరుగుతూ, నిండిన బకెట్‌ను ట్యాంకులో పోస్తూనే ఉన్నాడు.

పని మొదలయ్యాక సుభాషిణి ట్యాంకు నీళ్లు గాజు జాడీలో పట్టింది. మడ్డి అడుక్కి దిగింది, పైన నీళ్లు తేటగా నిలిచాయి. ల్యాబు పరీక్షలోనూ నీళ్లు నెగ్గాయి. "ఖలాస్, బస్తాలు బంద్," అన్నాడు ముదీర్.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అంజి అందరికీ వినబడేలా అరిచాడు. "ఏందన్నా, నీ బర్రె పాలిచ్చిందా?"

బల్లల చుట్టూ నవ్వులు లేచాయి. రాజమౌళి ముద్ద మింగి తలెత్తాడు.

"నువ్వు ఇడిసే మురికినీళ్లు దినాం అదే తాగుతది. నువ్వు తాగుతవార?"