బొమ్మ గేదె, నిజం దూడ

నేను ఒక చేతి తొడుగుని. కుడిచేతిది. చలికి వేసుకునేదాన్ని కాదు, పొలం పనికి వేసుకునేదాన్నీ కాదు. లేనిదాన్ని తాకినట్టు అనిపించేలా చేయడం నా పని. కళ్లకు పెద్ద అద్దాలు తగిలించుకుంటే కంప్యూటర్ గీసిన లోకం కనిపిస్తుంది కదా, ఆ లోకంలో మీరు దేన్నైనా పట్టుకోబోతే నా వేలికొసల్లోని గాలిబుడగలు ఉబ్బి మీ వేళ్లను నొక్కుతాయి. వెనకున్న సన్నటి తీగలు బిగిసి వేలిని ముందుకు పోనివ్వవు. అంతే, అక్కడ ఏదో ఉందని నమ్మేస్తారు.

నన్ను తయారు చేసింది హైదరాబాద్‌లో నస్రీన్ అనే ఇంజనీరు. మొదటిసారి నన్ను తొడుక్కుని, లేని కమలాపండును పిసికి, "అమ్మీ, ఒకసారి ఇటు రా!" అని కేకేసింది. వాళ్లమ్మ కూడా పిసికి చూసి, తర్వాత వేళ్లు వాసన చూసుకుంది.

అక్కడినుంచి నన్ను ఒక పశువైద్య కళాశాలకు పంపారు. గేదె కడుపులో దూడ ఎలా ఉందో చెయ్యి పెట్టి తెలుసుకోవడం అక్కడి పిల్లలు నేర్చుకోవాలి. అందరూ ఒకే గేదె మీద నేర్చుకుంటే దాని గతేం కాను? అందుకని నన్ను తొడుక్కుని, కంప్యూటర్ గీసిన బొమ్మ గేదె కడుపులో వెతుకుతారు. అది తన్నదు, పేడ వెయ్యదు, మొహమాటానికైనా తోక ఆడించదు.

నన్ను అందరికంటే ఎక్కువగా వాడింది ఉదయశ్రీ. విజయవాడలో అపార్ట్‌మెంట్‌లో పెరిగిన పిల్ల. గేదెను దగ్గరగా చూసింది కాలేజీకి వచ్చాకే. నిజం గేదె అంటే భయం. పాఠం చెప్పే డాక్టర్ పీటర్‌పాల్‌కి ఆ సంగతి తెలుసు. "ముందు కాలు పట్టుకో. కింది రెండు కీళ్లూ వంచి చూడు. రెండూ ఒకే వైపు వంగితే ముందుకాలు, ఎదురెదురుగా వంగితే వెనకకాలు," అనేవారు. ఆ పిల్ల వేళ్లలో వణుకు రానురాను తగ్గడం నాకు తెలుస్తూనే ఉండేది.

ఒక ఉదయం మస్తానమ్మ అనే ఆవిడ తన గేదెను ట్రాలీ ఆటోలో తీసుకొచ్చింది. తొలిచూలు. నొప్పులు పడుతోంది, దూడ బయటికి రావడం లేదు. పీటర్‌పాల్ గారిది లావుపాటి చెయ్యి, లోపల చోటు చాల్లేదు.

"ఉదయా, నీ చెయ్యి సన్నం. రా!"

"నేనా సార్?" అంటూనే నన్ను ఊడదీసి, కిటికీ దగ్గర పడేసి పరుగెత్తింది.

కిటికీ అవతలే కొట్టం. అన్నీ వినిపిస్తున్నాయి.

"కాలు దొరికింది సార్."

"ఏ కాలు?"

వంచి చూస్తున్నట్టుంది. "కీళ్లు రెండూ ఒకే వైపు... ముందుకాలే! రెండోదీ ఉంది. తల మాత్రం పక్కకి తిరిగిపోయింది."

"దూడను కాస్త లోపలికి నెట్టి, మూతి దొరకబుచ్చుకుని ఇటు తిప్పు."

అంతలో ఉదయశ్రీ అరిచింది. "సార్, చెయ్యి నలిగిపోతోంది!"

"నొప్పి వచ్చింది దానికి. కదలకు. అది వదిలాక తిప్పు."

నేను ఆశ్చర్యపోయాను. నా బొమ్మ గేదె ఎన్నడూ ఆ చేతిని అలా బిగించి పట్టుకోలేదు.

"దూడ బతికుందా డాక్టరమ్మా?" అడిగింది మస్తానమ్మ.

"నోట్లో వేలు పెట్టి చూడు," అన్నారు పీటర్‌పాల్.

"సార్!" ఉదయశ్రీ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "చీకుతోంది సార్! నా వేలు చీకుతోంది!"

కాసేపటికి మూతి దారిలోకి వచ్చింది, ఆ వెనకే దూడంతా వచ్చింది. పెయ్యదూడ.

ఆ సాయంత్రమే ఉదయశ్రీ నస్రీన్‌కి ఫోన్ చేసింది. "అక్కా, మీ గేదె చేతిని బిగించదు. దూడ చీకదు. లోపల వెచ్చగా అసలే ఉండదు." నస్రీన్ కోప్పడుతుందేమో అనుకున్నాను. "చీకితే ఎలా ఉంటుంది?" అని అడిగింది. ఉదయశ్రీ చెప్పబోయి, చెప్పలేక, "మీరే వచ్చి చూడండి," అంది.

నిజంగానే వచ్చింది. బాగుచేయడానికి నన్ను సంచిలో వేసుకుని, మస్తానమ్మ ఇంటికి వెళ్లింది. దూడ నోట్లో వేలు పెట్టి, కళ్లు మూసుకుని అలాగే నిలబడిపోయింది.

"పాలు రావమ్మా దానికి. ఎంతసేపని మోసం చేస్తావు?" అంది మస్తానమ్మ.

నస్రీన్ నవ్వి వేలు తీసేసుకుంది. దూడ ఊరుకోలేదు. సంచిలోంచి వేలాడుతున్న నా బొటనవేలిని అందుకుంది. వాళ్లు లాగేలోపే లోపలి బుడగ చిరిగిపోయింది.

తర్వాత వేడి పుట్టించే కొత్త తొడుగు తయారైంది. నేను కాలేజీ అద్దాల బీరువాలో ఉన్నాను. ఎందరి వేళ్లకో ఎన్నెన్నో తాకించాను గానీ, నన్ను నన్నుగా పట్టుకుంది ఆ దూడ ఒక్కటే. దాని నోరు ఎంత వెచ్చగా ఉందో చెప్పలేను, అది తెలిసే పరికరం నాలో లేదు. ఆ లాగుడు మాత్రం తెలిసింది. ఎంత బలమో! పాలు లేవని తెలిశాక కూడా అది కాసేపు వదల్లేదు. ఎందుకో, మీకేమైనా తెలుసా?